ఎదగని ఎనిమిది రూపాయలు

అంగన్‌వాడీలో బిడ్డ ఎదుగుదలను కొలవడానికి మనకేమీ లోటు లేదు. నెలనెలా తూకం, ఎత్తు చూసే బల్ల, జబ్బకు చుట్టే రంగుల టేపు. టేపు పదకొండున్నర సెంటీమీటర్ల లోపు చూపిస్తే బిడ్డ ‘శామ్’, అంటే తీవ్రంగా చిక్కిపోయినట్టు. అంతకంటే కాస్త నయంగా, ఓ మోస్తరుగా చిక్కితే ‘మామ్’. వింటే అన్నదమ్ముల పేర్లలా ముద్దుగా ఉంటాయి. టీచరమ్మ ఇదంతా పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లోకి ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకు కోసం తల్లి కూడా ముఖం సరిపోల్చుకోవడానికి ఫోన్ ముందు నిలబడి కళ్లార్పాలి. ఆధార్ ఫొటోలో ఉన్నట్టు మనిషన్నవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని మాత్రం అడక్కండి.

ఇంత నిఘాలోనూ ఒక బిడ్డ తప్పించుకు తిరుగుతోంది. పేరు 8 రూపాయలు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల పౌష్టికాహారానికి తలకు రోజుకింతని కేంద్రం కట్టిన లెక్క అది. కేంద్రం, రాష్ట్రం పంచుకుని భరిస్తాయి. పుట్టింది 2017లో. 2024లో చూసినా అదే 8. ఈలోగా పప్పు, నూనె, గుడ్డు ఏపుగా పెరిగాయి. వయసుకు తగ్గ ఎత్తు లేకపోతే గిడసబారిందంటారు కదా, మరి దీన్నేమనాలి?

శామ్ బిడ్డకైతే 12 ఇస్తారు. అంటే ఆ పైనున్న 4 రూపాయలు కావాలంటే పిల్లవాడు ముందు బాగా చిక్కి చూపించాలి. ఏ అవసరమైనా ముదరకముందే ఆదుకోవాలని 1975 గాంధీ జయంతి నాడు మొదలుపెట్టిన ఈ అంగన్‌వాడీ పథకంలో ఈ క్రమశిక్షణ నాకు బాగా నచ్చింది.

మన రెండు రాష్ట్రాలూ గుడ్లకీ పాలకీ సొంత డబ్బు కలుపుతున్నాయి, కాదనను. మేనమామ పెడుతున్నాడు కదా అని కన్నవాళ్లు గిన్నె మూతపెట్టేసినట్టుంది యవ్వారం. బడిలో మధ్యాహ్న భోజనం రేటును మాత్రం 2022లో ఒకసారి, 2024లో ఒకసారి పెంచారు. అంటే రేటుకు ఎదగడం చేతకాదని కాదు.

అందుకే ఒక టీచరమ్మకు మనవి చేసుకున్నాను. అమ్మా, ఈ 8ని కూడా ఒకసారి బల్లకు ఆనించి చూడండి, టేపు చుట్టండి, ట్రాకర్‌లో ఎర్రగా చూపించండి, పైవాళ్ల కంట పడుతుంది అని.

ఆవిడ రిజిస్టర్‌లోంచి తలెత్తకుండానే చెప్పింది.

“కుదరదు సార్. దానికి 2023లోనే ఆరేళ్లు నిండాయి. ఆరు దాటితే పేరు కొట్టేయాలి.”