తడి ఉప్పు మీద తగువు

ఫ్రాన్స్‌లోని గెరాండ్ నుంచి వచ్చే ముతక ఉప్పు మీద మనవాళ్ళ అభియోగాలు మూడు: తడిగా ఉంది, బూడిద రంగులో ఉంది, మట్టి వాసనేస్తోంది. కాబట్టి డబ్బు వాపసు ఇవ్వాలి. డల్లాస్ నుంచి హైదరాబాదు దాకా ఇదే పాట. సముద్రంలోంచి తీసిన సరుకు తడిగా ఉండడమంటే మామూలు నేరమా? న్యాయ విచారణ జరగాల్సిందే.

కొందరు విచారణ దాకా ఆగరు, సొంతంగా కడిగేస్తారు. అవును, ఉప్పుని. జల్లెడలో పోసి కుళాయి కింద పెడతారు. మొదటి కడుగుకి బూడిద రంగు వదులుతుంది. రెండో కడుగుకి గల్లు సన్నబడుతుంది. మూడో కడుగుకి జల్లెడ తళతళలాడుతుంది. మురికంతా పోయిందని ఇంటిల్లిపాదీ తృప్తి పడతారు. ఉప్పేదని అడిగిన పిల్లాడికి చీవాట్లు పడతాయి. ఆ పూట సింకు గొట్టానికి సరిపోయినంత రుచి, సాంబారుకి మాత్రం సున్నా.

ఇక అసలు సంగతి. అక్కడి ఉప్పు మళ్ళకి అడుగు బంకమట్టే. పెద్ద పోటు వచ్చినప్పుడు కాలువ గుండా నీరు చెరువులోకి చేరుతుంది. లీటరుకి 35 గ్రాముల ఉప్పున్న ఆ నీరు మడి నుంచి మడికి మెల్లగా పారుతూ, ఎండకీ గాలికీ చిక్కబడి, 250 గ్రాములు దాటాక చివరి మడిలో గడ్డకడుతుంది. ఆ మడిని ఓయె అంటారు. వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు, నీటి లోతు ఒక సెంటీమీటరు. అందులోకి పాల్యుడియే, అంటే ఉప్పు రైతు, నాలుగైదు మీటర్ల కర్రకి అడ్డపలక బిగించిన పనిముట్టు దింపి, నీటిని తోస్తూ ఆ తోపుతోనే ఉప్పుని గట్టుకి లాగుతాడు. పలక అడుక్కి గీరుకుంటే మట్టి లేస్తుంది, ఆ రోజు పని పాడవుతుంది. అంత జాగ్రత్త పడినా కాస్త బంకమట్టి గల్లుకి అంటుకుంటుంది. బూడిద రంగు దానిదే. రోజుకి మడికి 40 నుంచి 70 కిలోలు వస్తుంది.

ఫ్లర్ ద సెల్, అంటే ఉప్పు పువ్వు, వేరే. ఎండ, పొడిగాలి కుదిరిన మధ్యాహ్నం నీటి మీద తెట్టెలా కడుతుంది. గాలి ఊపందుకుంటే మునిగిపోయి ముతక ఉప్పులో కలిసిపోతుంది. అందుకే సాయంత్రానికల్లా పైపైనే తేల్చి తీస్తారు. మడికి దక్కేది రెండు మూడు కిలోలు. దీన్ని తెచ్చి ఉడుకుతున్న పప్పులో పోసే మహానుభావుల గురించి ఇప్పుడు ఎత్తను, రక్తపోటుకి మంచిది కాదు.

2012లో యూరోపియన్ యూనియన్ గెరాండ్ ఉప్పుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. దాని నియమం ప్రకారం తీసిన ఉప్పుని కడగకూడదు, ఏమీ కలపకూడదు. గట్టున నీరోడిస్తారు, కుప్ప పోస్తారు, అంతే. మరి తడి ఉండక ఏం చేస్తుంది?

ఈ ఉప్పు రైతులకా మీరు శుభ్రత నేర్పేది? 1999 డిసెంబరులో ఎరికా ఓడ రెండుగా విరిగి చమురు తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, మళ్ళలోకి చుక్క రాకుండా కాలువలకి అడ్డుకట్టలు వేశారు. అయినా అనుమానం తీరక, చాలామంది 2000లో ఉప్పే తియ్యలేదు. ఒక ఏడాది కూడు వదులుకున్నారయ్యా! మచ్చపడిన ఉప్పు జనం నోట్లో పెట్టలేక. అలాంటి వాళ్ళ ఉప్పుని పట్టుకుని ఒక్క నక్షత్రం ఇచ్చి "మురికి" అని రాస్తారా? సిగ్గుండాలి.

తడి ఉప్పుని ఇనుప మరలో వేస్తే మర తుప్పు పడుతుంది, గొంతు పూడిపోతుంది. రోట్లో నూరండి, లేదా వెడల్పాటి పళ్ళెంలో పరిచి సన్న సెగ ఓవెన్లో ఆరబెట్టి పింగాణీ మరలో వేయండి. జాడీలో దాచండి. ఫ్లర్ ద సెల్ అయితే పొయ్యి దించాక, వడ్డించే ముందు, వేళ్ళతో నలిపి చల్లండి. ఇందులో అయోడిన్ కలపరు కాబట్టి రోజువారీ వంటకి మామూలు అయోడైజ్డ్ పొట్లం పక్కనుండాలి. ఆ పొట్లంలో ఉప్పు తెల్లగా, పొడిగా, గలగలా రాలుతుంది, గడ్డకట్టకుండా మందు కూడా కలుపుతారు. తడి చూస్తే ఒళ్ళు మండేవాళ్ళు దాన్నే కొనుక్కుని గెరాండ్ జోలికి రాకుండా ఉంటే, ఇక్కడ మాకేమీ అభ్యంతరం లేదు.