పల్లె మురుగుకు కుంటలే మేలు

మురుగునీటి శుద్ధి అనగానే నగరంలోని యంత్రాల ప్లాంటునే కుదించి చిన్న గ్రామానికి తగిలించే ధోరణి మానుకోవాలి. ఎండ బాగా కాసే ప్రాంతంలో, కాస్త స్థలం దొరికే చోట, మురుగును రోజుల తరబడి నిలిపి యంత్రాలు లేకుండానే శుభ్రపరిచే శుద్ధి కుంటలే సరైన మార్గమని మా నిశ్చితాభిప్రాయం. కరెంటు ఖర్చు మిగలడం ఒక్కటే ఇందుకు కారణం కాదు.

బ్లోయర్‌తో గాలి పంపే ప్లాంటులో మురుగును తినే సూక్ష్మజీవులు లీటరు నీటిలో ఉండే 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మీద బతుకుతాయి. బ్లోయర్ ఆగితే ఆ కాస్తా నిమిషాల్లో హరించుకుపోతుంది. గంటల తరబడి ఆగితే ట్యాంకు నల్లబడి కంపు కొడుతుంది. కరెంటు వచ్చాక కూడా వెంటనే తేరుకోదు. పైగా పల్లెలో మురుగు రోజంతా ఒకే తీరున పారదు. పొద్దున్నే సగటుకు మూడు నాలుగు రెట్లు వచ్చిపడుతుంది, అర్ధరాత్రికి దాదాపు ఆగిపోతుంది. ఆ పొద్దుటి ఉద్ధృతికి అడుగున పేరుకోవలసిన మడ్డి లేచి, శుద్ధి చేసిన నీటితో పాటే బయటికి పోతుంది. మడ్డిని ఎప్పుడు, ఎంత తీయాలో తెలిసిన ఆపరేటర్ ఎప్పుడూ అందుబాటులో ఉంటే తప్ప ఇది ఆగదు.

కుంటల్లో నీరు రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి ఈ హెచ్చుతగ్గులు వాటికి లెక్క కాదు. వెయ్యి మంది ఉన్న ఊళ్లో తలకు 100 లీటర్లు వాడితే రోజుకు సుమారు 80 వేల లీటర్ల మురుగు వస్తుంది. ముందు కమ్మీల జాలీతో చెత్తను, చిన్న తొట్టెతో ఇసుకను ఆపాలి. తర్వాత 3 మీటర్ల లోతు కుంటలో రెండు రోజులు నిలిస్తే మడ్డి దిగి, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు సగానికి పైగా కాలుష్యాన్ని తినేస్తాయి. ఆపైన మీటరున్నర లోతు కుంటలో పది రోజులు, చివర మీటరు లోతున్న రెండు కుంటల్లో నాలుగేసి రోజులు. గట్లు, దారి కలుపుకుంటే ముప్పావు ఎకరం దాకా పడుతుంది. స్థలం ఎక్కువనే అభ్యంతరం న్యాయమైనదే. అంత దొరకని ఊళ్లకు సెప్టిక్ ట్యాంకు, దాని వెనుక జమ్ము నాటిన కంకర మడి ఉన్నాయి. అయితే ట్యాంకులో మడ్డి ఆగకపోతే కంకర సందులు పూడుకుపోతాయి.

నడిమి కుంటలో పని చేసేది నాచు. ఎండకు అది ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నానికి నీటి క్షారగుణం పెరిగి, అంటే పీహెచ్ 9 దాటి, రోగకారక బ్యాక్టీరియా చస్తుంది. తెల్లవారేసరికి అదే నీటిలో ఆక్సిజన్ దాదాపు సున్నా. అందుకే మధ్యాహ్నం తీసిన ఒక్క నమూనాను చూసి అంతా బాగుందని రాసుకోవడం తప్పు. కుంట రంగు రోజూ చూడాలి. ముదురు ఆకుపచ్చ అయితే ఆరోగ్యం. గులాబీ ఛాయ వచ్చిందంటే మురుగు భారం మించుతోందని అర్థం. బూడిద రంగుకు తిరిగితే అప్పటికే మించిపోయింది. గుర్రపుడెక్క పరుచుకుంటే వెలుతురు అందక నాచు చస్తుంది. గట్టంచున గడ్డి పెరిగితే దోమలు చేరతాయి, కనుక నీటిమట్టం దగ్గర రాతి పరుపు తప్పనిసరి. నీరు వచ్చే గొట్టం, పోయే గొట్టం ఎదురెదురుగా పెట్టడం తరచూ జరిగే పొరపాటు. పది రోజులు నిలవాల్సిన నీటిలో చాలా భాగం అడ్డదారిన గంటల్లో దాటిపోతుంది. రెండింటినీ ఐమూలగా, ఎదురు మూలల్లో ఉంచాలి.

అసలు నిర్లక్ష్యమంతా మడ్డి దగ్గరే. మొదటి కుంటలో మూడో వంతు నిండగానే తీయాలి. వెయ్యి మందికి ఇది సుమారు ఏడాది, ఏడాదిన్నరకోసారి వస్తుంది. కొలవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి నిలువుగా అడుగు తాకేదాకా దించి, కాసేపు ఉంచి మెల్లగా తీస్తే, నల్లగా అంటుకున్నంత మేర మడ్డి ఉన్నట్టు. తీసేటప్పుడు మురుగు ఆగదు కాబట్టి మొదటి కుంటను ఒకటిగా కాక పక్కపక్కన రెండుగా కట్టాలి. మూత ఉన్న సెప్టిక్ ట్యాంకులోకైతే మనిషిని దింపనే కూడదు. అందులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో ప్రాణం తీస్తుంది.

పది రోజులకు మించి నిలిచిన నీటిలో నులిపురుగుల గుడ్లు దాదాపు అన్నీ అడుగుకు దిగిపోతాయి. సాగునీటిలో లీటరుకు ఒక గుడ్డుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. అయితే నీటి నుంచి దిగిన ఆ గుడ్లన్నీ మడ్డిలోనే ఉంటాయి. దాన్ని 20 నుంచి 30 సెంటీమీటర్ల మందాన ఇసుక మడులపై పరిచి ఆరబెట్టాలి. తర్వాత వెచ్చని ప్రాంతంలో ఏడాదికి పైగా, చల్లని చోట రెండేళ్ల దాకా నిల్వ ఉంచాకే పొలానికి తోలాలి.

జాలీ తుడవడం, గట్టు చూడడం, గడ్డి కోయడం అన్నీ కలిపి రోజుకు కొద్ది గంటల పని. దానికి జీతమిచ్చి ఒకరిని నియమించే పద్దు నిర్మాణానికి ముందే బడ్జెట్‌లో చేరాలి. మడ్డి ఆరబెట్టే స్థలం నక్షాలో కనిపించకపోతే ఆ ప్రతిపాదనను గ్రామసభ ఆమోదించకుండా వెనక్కి పంపాలి.