చిత్తరువుకు ఎంత గుర్తుంటుంది?

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే కుడిచేతి మండపంలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడి ఉంటాడు. 1517లో, తాను జీవించి ఉండగానే పెట్టించుకున్న లోహ విగ్రహాలవి. కళింగం మీద దండెత్తిన రాజు గానీ, కావ్యం రాసిన కవి గానీ ఆ ముఖంలో కనిపించడు. తనలో ఏది మిగలాలో తానే ఎంచుకున్నాడు. భక్తుడిగా మిగిలాడు.

హ్యారీ పోటర్ కథల్లో మాట్లాడే చిత్తరువులదీ ఇదే దారి. హాగ్వర్ట్స్ అనే మాంత్రికుల బడి ప్రధానోపాధ్యాయులు బతికుండగానే తమ చిత్తరువు గీయించుకుని, తాళం వేసి దాచి, వీలైనప్పుడల్లా వెళ్లి దానికి తమ మాటతీరూ జ్ఞాపకాలూ నేర్పుతారని రచయిత్రి రౌలింగ్ వివరించారు. అంటే, మనిషి తన గురించి తాను చెప్పుకున్న పాఠమే పటంలో మిగులుతుంది. అదే కథలో హ్యారీకి తండ్రిలాంటి సిరియస్ తల్లి చిత్తరువుకు తిట్లూ కేకలూ తప్ప మరో మాట రాదు. ఆవిడ బతుకంతా అరుస్తూనే గడిపిందంటే నేను నమ్మలేను. చిత్తూరులో మా ఇంటి గోడ మీద తాతయ్య ఫోటో ఉంది. కదలవద్దని ఫోటోగ్రాఫర్ చెప్పినందుకు బిగుసుకుపోయిన ముఖం అది. ఇంటిల్లిపాదినీ నవ్వించిన ఆ మనిషిని మునిమనవలు ఇప్పుడు కోపిష్ఠి అనుకుంటున్నారు.

దయ్యాల సంగతి వేరు. మన బేతాళుడు శవంలో దూరిన పరాయివాడు, ఆ శవం జ్ఞాపకాలతో అతనికి పనిలేదు. హాగ్వర్ట్స్ దయ్యాలు మాత్రం చావుకు భయపడో, మరేదో వదులుకోలేకో ఆగిపోయినవారి ముద్రలు. వాటికి ఎవరూ ఏదీ నేర్పనక్కరలేదు, అన్నీ గుర్తుంటాయి. కాలం మన గాయాల మీద చేసే పని వాటి మీద చేయదు. అందుకే ఆ బడిలోనే చనిపోయిన మర్టిల్ అనే అమ్మాయి అర్ధశతాబ్దం తరువాత కూడా బడిపిల్లలాగే అలుగుతుంది. తల్లి కిరీటాన్ని దొంగిలించిన హెలెనా రావెన్‌క్లాకు వందల ఏళ్లు గడిచినా సిగ్గు చల్లారదు. చరిత్ర పాఠాలు చెప్పే బిన్స్ అయితే చనిపోయాక కూడా ఎప్పటిలాగే తరగతికి వెళ్లిపోయాడు.

కొత్త దెబ్బ తగిలినప్పుడు పాత జ్ఞాపకం కదలాలి. అప్పుడే దాన్ని వ్యక్తిత్వం అనగలమని నా నమ్మకం. ఈ లెక్కన అన్నీ గుర్తున్న దయ్యం కంటే, నేర్పిందే తెలిసిన చిత్తరువు ఒక్కోసారి మనిషికి దగ్గరగా వస్తుంది. ఫినియాస్ నిగెలస్ అనే పాత ప్రధానోపాధ్యాయుడి పటం ఎప్పుడూ ఎత్తిపొడుపు మాటలే మాట్లాడుతుంది. తన వంశాంకురం సిరియస్ చనిపోయాడని విన్నప్పుడు మాత్రం నమ్మలేనంటూ చట్రం విడిచి, సిరియస్ ఇంట్లో ఉన్న తన మరో పటంలోకి వెతుక్కుంటూ వెళుతుంది. ఆ దుఃఖం ఎవరు నేర్పారు?

విగ్రహాలు పెట్టించిన కొన్నేళ్లకు రాయలు పసివాడైన కొడుకుకు పట్టం కట్టి, ఆ కొడుకునే పోగొట్టుకున్నాడు. క్యూలో జనం తోస్తున్నా ఆ మండపం దగ్గర ప్రతిసారీ నా అడుగు తడబడుతుంది. ఆ కబురు ఇప్పుడు ఎవరైనా చెబితే, జోడించిన ఆ చేతులు విడిపోతాయా అనిపిస్తుంది.