రైతు నోటి మాటకు ఆచార్యుడి కొలువు

భద్రిరాజు కృష్ణమూర్తి పేరు ఎత్తగానే భాషాశాస్త్రం చదివినవారికి 1961లో వచ్చిన ‘తెలుగు వర్బల్ బేసెస్’, 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ‘ద ద్రవిడియన్ లాంగ్వేజెస్’ గుర్తొస్తాయి. ఆ రెండు గ్రంథాల స్థాయిని ఎవరూ కాదనలేరు. అయినా తెలుగువారికి ఎక్కువ అక్కరకొచ్చే పని ఆయన చేసింది మాండలిక వృత్తిపదకోశంలోనే, అంటే ఏ ప్రాంతంలో ఏ వృత్తివారు ఏ మాట వాడతారో చూపే నిఘంటువులోనే అని నా నమ్మకం.

ఒంగోలులో 1928లో పుట్టి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్న పండితుడు తిరిగొచ్చి నాగలి భాగాల పేర్లు సేకరించే పనికి పూనుకున్నాడు! వ్యవసాయ పదాల సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో అచ్చువేసింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. కోస్తాలో నాగలి అన్నదే రాయలసీమలో మడక. ఇలాంటి తేడాలను ఊరూరా నమోదు చేసి, ఏ మాట ఎంత మేర వ్యాపించిందో చూసి, తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా గుర్తించారు. అంతకుముందు యాస అంటే వెక్కిరింతకు పనికొచ్చే వస్తువు. ఈ కోశం దానికి ఆధారాలతో కూడిన గౌరవం ఇచ్చింది.

అనువర్తిత భాషాశాస్త్రం, అంటే భాషాశాస్త్రాన్ని నిత్యావసరాలకు వాడే శాఖ, తరగతి గదిలో ఇంగ్లీషు బోధించే పద్ధతులే అనుకునేవారు ఈ సంపుటాలు తిరగేయాలి. పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు పరిభాష కావలసినప్పుడల్లా మనం నోరు తిరగని సంస్కృత సమాసాలు అల్లుతున్నాం. పడుగు, పేక, నాడె వంటి నేత మాటలు, కర్రు, మేడి వంటి నాగలి మాటలు మాత్రం చేతివృత్తుల వారి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అడిగి రాసుకునే ఓపిక కావాలి, అంతే.

ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ బాధ్యత, 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) పదవి ఆయన జీవితంలో పెద్ద మెట్లే. పదవులు చాలామందికి వస్తాయి కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

నన్ను బాధించే సంగతి మరొకటి. 2010 నుంచి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు అధ్యాపకుడి కృషిని పాయింట్లలో లెక్కగట్టడం మొదలుపెట్టాయి. పదోన్నతి కోసం పాయింట్లు కూడగట్టుకోవలసిన యువ అధ్యాపకుడు, అచ్చులోకి ఒక్క పేజీ కూడా రాకముందే ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగే పనిని ఎలా తలకెత్తుకుంటాడు? ఈలోగా నాగలి స్థానంలోకి ట్రాక్టరు, కొడవలి స్థానంలోకి కోతయంత్రం వచ్చాయి. వాటి భాగాలకు, మరమ్మతులకు రైతులూ మెకానిక్కులూ వాడుతున్న మాటలను సేకరించే పరిశోధనను మన భాషాశాస్త్ర శాఖలు ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టాలి.