గోదాములో బస్తాలెన్నో గల్లాపెట్టె దగ్గరే తెలియాలి

జీఎస్టీ, ఫోన్‌పేలు వచ్చాక నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో చిన్న హోల్‌సేల్ షాపుల్లోనూ కంప్యూటర్ కనిపిస్తోంది. కానీ అది ఒంటరి కంప్యూటర్. బిల్లు కొట్టడానికి, ఆడిటర్‌కు లెక్కలు పంపడానికి తప్ప పెద్దగా అక్కరకు రావడం లేదు. రెండు కంప్యూటర్లను కలిపినప్పుడే అసలు లాభం మొదలవుతుంది.

కావలి నుంచి కిరాణా వ్యాపారి వచ్చి పదిహేను బస్తాల కందిపప్పు అడుగుతాడు. గోదాము వెనక సందులోనే ఉంటుంది. గుమాస్తా వెళ్లి, లెక్కపెట్టి, చెమటలు కక్కుతూ వచ్చి ‘పదకొండే ఉండాయన్నా’ అనేసరికి బేరం పక్క షాపుకు పోతుంది.

మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. గోడకు ఒక రంధ్రం, కంప్యూటర్లను కలిపే అరచేతిలో పట్టే నెట్‌వర్క్ స్విచ్, అవతల ఒక పాత కంప్యూటర్ చాలు. సరుకు దిగగానే గోదాములో ఎంట్రీ వేస్తే గల్లా దగ్గర అంకె మారిపోతుంది. కొనేవాడి పాత బాకీ ఎంతుందో బస్తాలు లోడు చేసే కుర్రాడికీ కనపడుతుంది. ప్రింటర్ ఒక్కటే ఇద్దరికీ సరిపోతుంది. ఇంకో మాట, ఇదంతా ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది!

ఇద్దరు వాడే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) లైసెన్సు ఖరీదు కదా, మెయిన్ సిస్టం చెడితే షాపే ఆగిపోతుంది కదా అంటారు. ఖరీదు నిజమే. కానీ ఒంటరి కంప్యూటర్ హార్డ్‌డిస్కు పోతే మాత్రం లెక్కలు మిగులుతాయా? రోజూ రాత్రి బ్యాకప్ ఎలాగూ తప్పదు.

షాపు, గోదాము దాటి బయటి ప్రపంచంతో కలవాలంటే ఈ కేబుల్ సరిపోదు, ఇంటర్నెట్ మోసుకొచ్చే ఫైబర్ లైన్ కావాలి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో 50,000 రూపాయలు దాటిన సరుకుతో లారీ కదలాలంటే ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్‌లో తీసే సరుకు రవాణా పత్రం, ఉండాలి. నెట్ పోతే స్లాబులు లోడయిన లారీ గేటులోనే నిలబడుతుంది. ఫోన్ చేత్తో పైకెత్తి సిగ్నల్ కోసం తిరిగే మేనేజర్ టెన్షన్ చూస్తే తెలుస్తుంది, ఆగిపోయిన ప్రతి గంటా ఎంత బరువో.

2017లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. అందులో నాకు నచ్చింది ధర కాదు, ఫైబర్‌ను ప్రభుత్వం తన పనిగా తలకెత్తుకోవడం. ఎందుకంటే ఫైబర్ కూడా కాలువే. సోమశిల నీళ్లు చివరి పొలానికి చేరకపోతే రోడ్డెక్కుతాం. విడవలూరులో రొయ్యల మేత అమ్మే షాపతను కూడా చివరి ఆయకట్టు రైతులాంటివాడే. ప్రతి మండలంలో లైన్ మరమ్మతుకు ఒక మనిషి ఉండాలి, తెగిన లైన్ 24 గంటల్లో అతకాలి. మన ఎమ్మెల్యేలను నీళ్ల కోసం నిలదీసినంత గట్టిగా దీని కోసమూ నిలదీయాలి.