నర్సు మనసుకు మార్కులా?

ఫిలిప్పీన్స్ నర్సుల్లో, డాక్టర్లలో కరుణ (ఎంపతీ) ఎంతుందో ప్రశ్నపత్రాలతో కొలిచే ప్రయత్నాలు సాగుతున్నాయి. కొలవొద్దని మేము అనం. తక్కువొచ్చిన మార్కులు ఎవరి ఖాతాలో వేస్తారన్నదే మా పేచీ.

ఇలాంటి కొలతల్లో పేరున్నది అమెరికాలో తయారైన జెఫర్సన్ స్కేలు. మొత్తం 20 వాక్యాలు. ఒక్కోదాన్ని ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 7 దాకా అంకె వేయాలి. సగం వాక్యాలను కావాలనే అర్థం తిరగేసి రాశారు, చదవకుండా అన్నింటికీ 7 పెట్టుకుంటూ పోతే దొరికిపోతారు. తెలివైన ఏర్పాటే. కానీ జవాబిచ్చేది నర్సే, అదీ తన గురించే. రోగి బాధ నాకు పట్టదని ఎవరు మాత్రం రాసిస్తారు? ఫిలిప్పీన్స్ వార్డుల్లో రోగికి తోడుండే బంధువును ‘బంతాయ్’ అంటారు. రాత్రంతా మంచం పక్కన స్టూలు మీద కూర్చునేదీ, చీటీ పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తేదీ ఆ మనిషే. సిస్టర్ ఎన్ని పిలుపులకు పలికిందో, ఎప్పుడు విసుక్కుందో ఆ బంతాయ్‌ను అడిగితే తెలుస్తుంది.

ఇక ఆ విసుగు సంగతి. జనరల్ వార్డులో 12 మంది రోగులకు ఒక నర్సు ఉండాలన్నది అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. అంతకు రెట్టింపు మందిని చూస్తున్నామన్నది నర్సుల పాత ఫిర్యాదు. ప్రభుత్వ నర్సుల జీతం పెంచాలని 2002లోనే చట్టం చేశారు. ఆ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది, నిధులివ్వమని మాత్రం పార్లమెంటును ఆదేశించలేమంది. కొవిడ్ వచ్చి పడ్డాక, 2020లో గానీ పెంపు అమలు కాలేదు. అదే ఏడాది చివర్లో, కొత్తగా విదేశాలకు వెళ్లే నర్సులు, ఇతర ఆరోగ్య సిబ్బంది ఏటా 5,000 మందికి మించకూడదని గీత గీశారు. జీతం పెంచడానికి పద్దెనిమిదేళ్లు పట్టిన సర్కారుకు గేటు వేయడానికి నెలలే చాలాయి!

మార్కులు తగ్గాయని ఎంపతీ వర్క్‌షాపు పెట్టి, సర్టిఫికెట్లు పంచి చేతులు దులుపుకోవడం తేలిక. డాక్టర్ చదువుకు దావావ్, మనీలా వెళ్తున్న మన తెలుగు పిల్లలు ఆ వార్డుల్లోనే పని నేర్చుకుంటారు కాబట్టి ఇది మనకూ పట్టే విషయమే. స్కోరు పక్కనే ఆ షిఫ్టులో నర్సుకు ఎంతమంది రోగులున్నారో, వరసగా ఎన్ని గంటలు డ్యూటీ చేసిందో, బంతాయ్ ఏమన్నారో కూడా అచ్చువేయాలి. సంజాయిషీ అడగాల్సింది ముందు ఖాళీ పోస్టులు నింపని ఆరోగ్యశాఖను.