అన్నంలో డైసల్ఫిరామ్ కలపమనే మెసేజ్‌కి జవాబు

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో మళ్లీ మళ్లీ తిరిగే సలహా ఒకటుంది. మాటలు కాస్త మారతాయి గానీ సారం ఇదే: తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, పొడి చేసి తాగే భర్తకు తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలపండి, ఒంట్లో చేరిన మద్యం విషాన్ని కడిగేస్తుంది, మహా అయితే రెండు వాంతులవుతాయి, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, దెబ్బకి తాగుడంటేనే అసహ్యం పుడుతుంది.

దీన్ని పంచేవాళ్లలో చాలామంది ఇంట్లో తాగుడుతో ఏళ్ల తరబడి వేగినవాళ్లే. వాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు. మాత్ర కూడా నిజమైనదే. అమెరికాలో 1951 నుంచి వాడుకలో ఉంది, మన సైకియాట్రిస్టులూ రాస్తారు. కాకపోతే మెసేజ్‌లో మాత్ర పేరు ఒక్కటే సరైనది.

"మద్యం విషాన్ని కడిగేస్తుంది"

జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. తాగిన మద్యాన్ని లివర్ రెండు దశల్లో వదిలించుకుంటుంది. మొదట అది ఎసిటాల్డిహైడ్ అవుతుంది, ఇది మద్యం కంటే ఘాటైన విషం. అది పోగుపడకముందే ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ దాన్ని పెద్దగా హాని చేయని ఎసిటేట్‌గా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ చేసేదల్లా ఈ రెండో దశ ఎంజైమ్‌ను పనిచేయనీయకపోవడం. కడగడం మాట అటుంచండి, విషం బయటపడే దారినే మూసేస్తుంది. చైనా, జపాన్, కొరియాల్లో చాలామందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ సరిగా పనిచేయదు. ఒక్క గ్లాసుకే ముఖం ఎర్రబడి గుండె దడ మొదలవుతుంది. అలాంటివాళ్లలో తాగుడుకి బానిసలయ్యేవాళ్లూ తక్కువే. మాత్ర అదే స్థితిని తెచ్చిపెడుతుంది, ఇంకా తీవ్రంగా.

దీని గుణం బయటపడ్డ తీరు కూడా ఆసక్తికరమే. 1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ జాకబ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రసాయనం కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని చూస్తూ, ముందు తామే మింగారు. తర్వాత కాస్త మద్యం పుచ్చుకోగానే ఒళ్లు అతలాకుతలమైంది. ఏం మింగారో వాళ్లకు తెలుసు కాబట్టి కారణం పట్టుకోగలిగారు. మజ్జిగలో కలిపి ఇస్తే తాగిన మనిషికి ఆ వీలు ఎక్కడిది?

"రెండు వాంతులు, అంతే"

మాత్ర ఒంట్లో ఉండగా మద్యం పడితే కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది. ముఖం, మెడ ఎర్రబడతాయి. తల పగిలిపోతున్నట్టుంటుంది. వాంతులు, చెమటలు, ఆయాసం, గుండె దడ. ఇది అరగంటలో తగ్గొచ్చు, గంటల తరబడీ సాగొచ్చు. ముదిరితే బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం, గుండెపోటు, ఫిట్స్, ప్రాణం పోవడం కూడా ఉన్నాయి. అందుకే గుండె జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లకు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు భ్రమపడే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు ఈ మాత్ర ఇవ్వరు. అన్నంలో కలిపే ముందు ఈసీజీ ఎవరు తీయిస్తారు?

తాగకపోయినా పూర్తిగా క్షేమమని కాదు. అరుదుగానైనా లివర్ ప్రాణాపాయం దాకా దెబ్బతినవచ్చు. కాళ్లూ చేతుల నరాలు, కంటి నరం కూడా దెబ్బతినే అవకాశం ఉంది. డాక్టర్లు మొదట్లోనూ, మధ్యలోనూ లివర్ పరీక్షలు రాసేది ఇందుకే.

ఇక క్యాజువాల్టీ సంగతి. వాంతులు చేసుకుంటూ వచ్చిన మనిషిని చూసి డాక్టర్ ఫుడ్ పాయిజనింగ్ అనుకోవచ్చు. విరేచనాలు కూడా ఉంటే మన దగ్గర ఇట్టే రాసే మందుల్లో మెట్రోనిడజోల్ ఒకటి. డైసల్ఫిరామ్‌తో కలిస్తే అది మనిషికి మతి చెదిరేలా చేయగలదు. పక్కన నిలబడ్డ భార్య నోరు విప్పితే తప్ప ఆ డాక్టర్‌కు తెలిసే మార్గం లేదు.

"తెలియకుండా కలిపితే చాలు"

అసలు పేచీ ఇక్కడుంది. అమెరికాలో ఈ మాత్ర సమాచార పత్రం మీద చుట్టూ గీత గీసి మరీ ఇచ్చిన హెచ్చరిక ఒకటే: మత్తులో ఉన్నవాడికి ఇవ్వకూడదు, రోగికి పూర్తిగా తెలియకుండా ఎన్నడూ ఇవ్వకూడదు, బంధువులకూ ఈ సంగతి చెప్పాలి. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం బయట ఎంత పుచ్చుకుని వచ్చాడో తెలియని మనిషి రాత్రి భోజనంలో ఇది కలపడం ఎంత ప్రమాదమో ఊహించండి.

ప్రమాదాన్ని పక్కనపెట్టి చూసినా, చాటుగా కలిపితే ఇది పనిచేయదు. 1986లో అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 605 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొందరికి రోజుకు 250 మిల్లీగ్రాములు, కొందరికి పేరుకు 1 మిల్లీగ్రాము ఇచ్చారు, మిగతావాళ్లకు అసలే ఇవ్వలేదు. ఏడాదిపాటు పూర్తిగా మానేసిన వాళ్ల సంఖ్యలో ఈ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు తోచే కారణం ఇది: "ఇవాళ మింగాను, తాగితే చస్తాను" అన్న ఎరుకే ఈ మాత్రలోని అసలు చికిత్స. 1 మిల్లీగ్రాము మింగినవాడిలోనూ ఆ భయం ఉంటుంది. చాటుగా కలిపితే ఆ ఎరుక పోయి, విషం ఒక్కటే మిగులుతుంది.

నిజానికి ఇది బాగా పనిచేసే పద్ధతిలో కూడా భార్య ఉంటుంది. ఆయన ఒప్పుకుంటాడు. రోజూ పొద్దున్నే ఆవిడ మాత్ర ఇస్తుంది, ఆవిడ ముందే మింగుతాడు. ఇంట్లోవాళ్లు ఇలా దగ్గరుండి వేయించినప్పుడే ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. మనిషి అదే, మాత్ర అదే, దాపరికం ఒక్కటి లేదు.

తెలిసి మింగేవాడు ఇంకొన్ని జాగ్రత్తలూ తీసుకోగలడు. కొన్ని దగ్గు సిరప్పుల్లో, టానిక్కుల్లో, ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాల్లో మద్యం ఉంటుంది. వాటికీ ఒళ్లు తిరగబడొచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. "నిన్ననే ఆపేశాం కదా, పెళ్లిలో ఒక పెగ్గు పర్లేదు" అనుకోవడానికి లేదు.

"తాగుడంటేనే అసహ్యం పుడుతుంది"

పుట్టదు. తాగాలన్న కోరికను డైసల్ఫిరామ్ తగ్గించదు. ఆ పనికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని వేరే మందులున్నాయి. కారణం తెలియని మనిషి వాంతులయ్యాక బ్రాండ్ మారుస్తాడు, లేదా కూర పాడైందని గొడవపడతాడు.

ఏళ్లుగా రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతి తప్పడం లాంటివి రావచ్చు. దానికి ఆస్పత్రిలో వేరే వైద్యం ఉంది, డైసల్ఫిరామ్ అక్కడ ఎందుకూ కొరగాదు. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి తెలిసిందే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు అలవాటును ఈ మాత్ర తాకను కూడా తాకదు.

ఇప్పటికే కలిపి ఉంటే వెంటనే ఆపి, ఆయనకు సంగతి చెప్పాలి. రెండు వారాలు చుక్క కూడా తాగకూడదని తెలియాలి కదా. ఆయనకు చెబితే కొడతాడన్న భయం ఉంటే ఇంట్లో పెద్దవాళ్లనో డాక్టర్‌నో పక్కన పెట్టుకుని చెప్పండి. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఆ మాత్రల అట్ట చేతిలో పట్టుకుని వెళ్లండి. ఆయన రానంటే ముందు మీరొక్కరే అయినా టెలీ మానస్ 14416కి గానీ, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి గానీ ఫోన్ చేసి మాట్లాడొచ్చు.